వీడియో గేములు పిల్లలాటలు ఎప్పుడయ్యాయి?

మొన్నామధ్య ఓ ఆదివారం ఒక స్నేహితుడు కుటుంబంతో సహా మా ఇంటికి భోజనానికొచ్చాడు. హాల్లో టీవీ మీద ఓ ఆట సగంలో ఆపేసి ఉంది. తాటికాయంత తల, గోలీకాయల్లాంటి కళ్ళు ఉన్న బుడతడొకడు ఎర్ర పడవలో నిలబడి ఉన్నాడు. "పాప ఆటా?" అన్నాడు. "ఆఁ, దాందే" అన్నాను తడుముకోకుండా. పచ్చి అబద్ధం. అంతకుముందు రాత్రి పన్నెండింటి దాకా ఆ పడవ నడిపింది నేనే. నాకిప్పుడు 46 ఏళ్ళు.

తమాషా ఏంటంటే, సరిగ్గా ఇదే ఆట గురించి 2003లో కూడా అబద్ధమాడాను. అప్పటికి పాప లేదు కాబట్టి "మా మేనేజరు కొడుక్కి బహుమతి కొన్నాన్రా" అని రూమ్మేట్లకి చెప్పాను. ఇరవై రెండేళ్ళలో అబద్ధం మారింది గానీ సిగ్గు మాత్రం చెక్కుచెదర్లేదు. ఈ సిగ్గు నాకెవరు అంటించారా అని వెతుక్కుంటూ వెళితే కథ చాలా దూరం పోయింది.

మొదలు సన్నీవేల్‌లో. సన్నీవేల్ అంటే మనవాళ్ళకి గుడి, దోసెలు, హెచ్-1 కబుర్లు గుర్తొస్తాయి కదా. 1972లో అదే ఊళ్ళో ఆండీ కాప్స్ టావెర్న్ అని ఒక బారు ఉండేది (తర్వాత్తర్వాత అది కామెడీ క్లబ్బయింది). అటారీ వాళ్ళు తమ మొదటి 'పాంగ్' యంత్రాన్ని పెట్టింది అక్కడే. దాన్ని తయారుచేసిన అలన్ ఆల్కార్న్ అప్పుడే ఉద్యోగంలో చేరిన ఇంజనీరు. చెయ్యి తిరగడానికని ఇచ్చిన పని అది! కొన్నాళ్ళకి యంత్రం పనిచెయ్యట్లేదని బారు నుంచి ఫోనొచ్చింది. వెళ్ళి తెరిచి చూస్తే ఏ సర్క్యూటూ పోలేదు, నాణేల డబ్బా పొంగిపోయి ఇరుక్కుపోయిందంతే. ఆ నాణేలు వేసింది పిల్లలు కాదు, బీరు తాగడానికొచ్చిన పెద్దవాళ్ళు. బంతి అటూ ఇటూ ఎగిరే ఆట, కథ లేదు, నెత్తురు లేదు. అయినా "ఇది పిల్లల ఆట కదా" అని ఆ రోజు ఎవరికీ అనిపించలేదు.

1980లో పాక్-మాన్ వచ్చింది. దాన్ని రూపొందించిన ఇవాతాని తోరు ఆలోచనేంటంటే, గేమ్ సెంటర్లన్నీ మగవాళ్ళతో, గ్రహాంతరవాసుల్ని కాల్చే ఆటలతో నిండిపోయాయి, అక్కడికి ఆడవాళ్ళూ జంటలూ కూడా రావాలి అని. అందుకే తిండి చుట్టూ తిరిగే ఆట, ముద్దొచ్చే దెయ్యాలు. అంటే ఆ ముద్దుతనం పసిపిల్లల కోసం పెట్టింది కాదు, ప్రేమికుల కోసం పెట్టింది. 1983 జులైలో నింటెండో జపాన్లో అమ్మిన పెట్టె పేరైతే ఏకంగా 'ఫ్యామిలీ కంప్యూటర్'. కుటుంబం అంటే పిల్లలు మాత్రమేనని ఎవరన్నారు? అమ్మానాన్నల్ని లెక్కలోంచి తీసేస్తే అది కుటుంబమెలా అవుతుంది, బడవుతుంది.

ఇక్కడ నింటెండో పూర్వాశ్రమం గురించి చెప్పకపోతే నాకు తోచదు. 1889లో క్యోటోలో యమావుచి ఫుసాజిరో మొదలుపెట్టింది పేకముక్కల వ్యాపారం. హనాఫుడా అంటారు, 48 ముక్కలు, నెలకి నాలుగు చొప్పున, పువ్వుల బొమ్మలు. బొమ్మలు చూస్తే ఎంతో ముచ్చటగా ఉంటాయి గానీ వాటి పెద్ద గిరాకీ జూదపు ఇళ్ళలోనే. మన దగ్గర పేకాట అనగానే ఇంట్లో పెద్దవాళ్ళ మొహం ఎలా మారుతుందో అదే వరస. ఫుసాజిరో మునిమనవడు యమావుచి హిరోషి 1959లో డిస్నీ బొమ్మలతో పేకముక్కలు వేయించాడు, లక్షల కట్టలు అమ్ముడయ్యాయి. ముక్కలు అవే, మిక్కీ మౌసు రాగానే జూదం కాస్తా కుటుంబ కాలక్షేపమైపోయింది. ఏది పెద్దలది, ఏది పిల్లలది అనేది ఆటలో ఉండదు, అట్టపెట్టె మీది బొమ్మలో ఉంటుందని ఆ కంపెనీకి అప్పుడే తెలుసన్నమాట.

ఆ తెలివి 1985లో అక్కరకొచ్చింది. 1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. అమ్ముడుపోని క్యాసెట్లని అటారీ వాళ్ళు న్యూ మెక్సికో ఎడారిలో పాతిపెట్టారు (2014లో తవ్వి తీశారు కూడా). చేతులు కాల్చుకున్న దుకాణదారులు వీడియో గేమ్ అన్న మాట వింటేనే గుమ్మంలోంచి పొమ్మంటున్నారు. అందుకని నింటెండో ఏం చేసిందంటే, ఫ్యామిలీ కంప్యూటర్ని వీసీఆర్‌లా కనపడేలా కొత్త పెట్టెలో పెట్టి, పేరు మార్చి, పక్కన ఓ ప్లాస్టిక్ రోబో బొమ్మని జత చేసింది. ఇది వీడియో గేమ్ కాదండీ, ఆటబొమ్మ, అమ్ముడుపోకపోతే మేమే వెనక్కి తీసుకుంటాం అని న్యూయార్క్ దుకాణాల్ని ఒప్పించారు. ఆ రోబో పనికొచ్చిన ఆటలు మొత్తం రెండంటే రెండే. దాని పని ఆడటం కాదు, గుమ్మం దాటించడం. దాటించింది.

కానీ బొమ్మల కొట్టులోకి వెళ్ళాక మరి బొమ్మల కొట్టు పద్ధతులే కదా. ఆడపిల్లలకో వరస, మగపిల్లలకో వరస. వీడియో గేములు మగపిల్లల వరసలో కూర్చున్నాయి. బారులో పుట్టిన వస్తువు పదమూడేళ్ళకి ఎనిమిదేళ్ళ కుర్రాడి సొత్తయింది. దానికి తగ్గట్టే నింటెండో అమెరికా శాఖ నియమాలు పెట్టింది: నెత్తురు కనపడకూడదు, మత చిహ్నాలు కూడదు. జపాన్ నుంచొచ్చిన ఆటల్లో మందు కొట్లు కాఫీ హోటళ్ళుగా మారిపోయాయి. ఈ సిగ్గు తయారైంది ఈ అంగట్లోనే అని నా అనుమానం.

మనకి ఆ పెట్టె అసలుది కాదు, నకిలీలు వచ్చాయి. 90ల మొదట్లో మా గుంటూరులో కూడా ఆ 'వీడియో గేమ్' ఉన్న ఇంటికి పిల్లల దండు దిగేది. క్యాసెట్టు మీద '9999 ఇన్ 1' అని ఉండేది, లోపల చూస్తే ఓ ముప్ఫై ఆటలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుండేవి. మా బాబాయి బ్యాంకు ఉద్యోగి, "చదువు చంకనాకిపోతుంది" అని రోజూ తిట్టి తొమ్మిదింటికల్లా మమ్మల్ని పడుకోబెట్టేవాడు. ఓ రాత్రి మంచినీళ్ళకని లేచి చూద్దును కదా, టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, లుంగీ ఎగ్గట్టుకుని, మారియో ఆడుతున్నాడు! నన్ను చూసి గభాల్న స్విచ్చి ఆపేసి "పని చేస్తోందో లేదో చూస్తున్నా" అన్నాడు. ఆయన మీద జాలి పడాల్సిన వయసు కాదది, రెండ్రోజులు పకపకా నవ్వుకున్నాం.

తర్వాతి ఘట్టం 1993. అప్పటికి బొమ్మల కొట్టు పిల్లలకి మీసాలొస్తున్నాయి. సేగా వాళ్ళు సరిగ్గా ఆ మీసాల్నే పట్టుకున్నారు. నింటెండో పసివాళ్ళకి, సేగా మొనగాళ్ళకి అన్నట్టుండేవి ప్రకటనలు. ఆ సెప్టెంబరులో మోర్టల్ కోంబాట్ రెండు యంత్రాల మీదా వచ్చింది. నింటెండో దాంట్లో దెబ్బ తగిలితే బూడిదరంగు చెమట చిందుతుంది, సేగా దాంట్లో ఏ-బి-ఏ-సి-ఏ-బి-బి అని వరసగా నొక్కితే నెత్తురు. ఏది ఎక్కువ అమ్ముడైందో చెప్పక్కర్లేదనుకుంటా. డిసెంబరులో అమెరికా సెనేట్ విచారణ జరిగింది, 1994లో వయసు ముద్రలేసే ఈఎస్ఆర్బీ పుట్టింది. అదే ఏడాది మోర్టల్ కోంబాట్ రెండో భాగంలో నింటెండో కూడా నెత్తురు చిందించింది.

నాకు నవ్వొచ్చేదేంటంటే, 'పెద్దవాళ్ళ ఆట' అంటే నెత్తురూ తుపాకులూ అని ఆనాడు తీర్మానించింది పెద్దవాళ్ళు కాదు, పద్నాలుగేళ్ళ కుర్రాళ్ళు. తాను చిన్నపిల్లాణ్ణి కాదని నిరూపించుకోవాల్సిన అగత్యం ఆ వయసులో ఉన్నంతగా ఇంకెప్పుడూ ఉండదు. మనందరం ఆ నిర్వచనాన్నే నెత్తిన పెట్టుకుని నలభైల్లోకి వచ్చేశాం.

ఇక నా అబద్ధం దగ్గరకొద్దాం. 2000లో జపాన్లో స్పేస్‌వరల్డ్ ప్రదర్శనలో నింటెండో ఓ చిన్న వీడియో చూపించింది, 'జెల్డా' కథల నాయకుడు లింక్, ప్రతినాయకుడు గానన్‌డోర్ఫ్ నిజం మనుషుల్లా కత్తియుద్ధం చేస్తుంటారు. జనం వెర్రెత్తిపోయారు. సరిగ్గా ఏడాదికి, 2001 ఆగస్టులో, అసలు ఆట ఇదీ అని చూపిస్తే, కార్టూన్ బుడతడు! 'విండ్ వేకర్'. ఇంటర్నెట్టంతా బూతులు. పైగా దాన్ని ఆడాల్సిన గేమ్‌క్యూబ్ యంత్రమేమో ఊదారంగులో, పైన పిడితో, పిల్లల టిఫిన్ బాక్సులా ఉండేది. జపాన్లో 2002 డిసెంబరులో, అమెరికాలో 2003 మార్చిలో ఆట విడుదలైంది.

నేనప్పుడు న్యూజెర్సీలో నలుగురం కలిసున్న అపార్టుమెంట్లో ఉన్నాను. హాల్లో ప్లేస్టేషన్ 2, దాంట్లో రాత్రింబవళ్ళు వైస్ సిటీ. కార్లు దొంగిలించడం, పోలీసుల్ని కాల్చడం. నేను నా గదిలో తలుపేసుకుని గాలివాటం చూసుకుంటూ పడవ నడుపుకునేవాణ్ణి. ఓ రోజు గడియ సరిగా పడలేదు. "ఏంట్రా మామా, బాలానందమా?" అన్నాడొకడు. మేనేజరు కొడుకు కథ చెప్పాను. ఆ వారమే యంత్రంతో సహా అమ్మేశాను, ఆట సగంలో ఉండగానే. నలుగురితోపాటు నేనూ హాల్లో కూర్చుని మెషిన్ గన్ పట్టుకున్నాను. (వైస్ సిటీ మంచి ఆటే, అది వేరే సంగతి.)

నాలాంటి పిరికివాళ్ళు చాలామందే ఉన్నారని తర్వాత తెలిసింది. జెల్డా ఆటల సారథి ఔనుమా ఐజి 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో గేమ్ డెవలపర్ల సమావేశంలో చెప్పాడు: ఆ కార్టూన్ రూపం వల్ల ఇది చిన్నపిల్లలదన్న అభిప్రాయం పడిందని, అమెరికాలో అమ్మకాలు నెమ్మదించాయని కబురందాక, విండ్ వేకర్ తరవాయి ఆలోచన పక్కనపెట్టి మళ్ళీ నిజం మనుషుల రూపానికి మళ్ళాడట. అదే 2006లో వచ్చిన 'ట్విలైట్ ప్రిన్సెస్'. 2004లో దాని వీడియో చూపించినప్పుడు సభలో మీసాలొచ్చిన మగాళ్ళు పెట్టిన కేకలు ఇప్పటికీ యూట్యూబులో చూడొచ్చు.

నింటెండో ఆటలన్నీ గొప్ప తాత్విక గ్రంథాలని అనట్లేదండోయ్. మారియోలో కథ శూన్యం. సినిమా విడుదలకి ముందు హడావిడిగా చుట్టేసే పిల్లల ఆటలు నిజంగానే చెత్త. కొత్త ఆటల్లో అరగంటసేపు చెయ్యి పట్టుకుని నడిపించే పాఠాలంటే నాకూ ఒళ్ళుమంట. కానీ కథ లేకపోవడం పిల్లతనమైతే పులిజూదంలో ఏం కథ ఉంది? మా తాతయ్య అరుగు మీద సున్నంతో గీసుకుని పొద్దుగూకేదాకా ఆడేవాడు, ఆయన్ని ఎవరూ చిన్నపిల్లాడనలేదు.

2002లో నింటెండో అధ్యక్షుడైన ఇవాటా సతోరుకి ఈ సంగతి బాగా తెలుసు. ఆయన అసలు ప్రోగ్రామరు. పోకేమాన్ యుద్ధాల కోడుని డాక్యుమెంట్లేమీ లేకుండా, సోర్సు చదువుకుంటూ వారంలో వేరే యంత్రానికి మార్చిన మనిషి (మనకి మూడు వారాల కేటీ ఇచ్చినా "ఇంకో వారం" అంటాం). ఆయన హయాంలో 2006లో వచ్చిన వీ యంత్రం పది కోట్లకి పైగా అమ్ముడైంది. తాతలు, బామ్మలు హాల్లో నిలబడి బౌలింగ్ ఆడారు. దాన్నీ "అసలైన ఆటగాళ్ళు" వెక్కిరించారనుకోండి. 2015లో ఇవాటా పోయాడు. 2020 మార్చిలో అందరం ఇళ్ళలో ఇరుక్కుపోయినప్పుడు, చేపలు పట్టుకుంటూ మొక్కలు నాటుకునే 'ఏనిమల్ క్రాసింగ్' కోట్లలో అమ్ముడైంది. ఆ కొన్నవాళ్ళలో ఎనిమిదేళ్ళవాళ్ళెందరు, ఈఎంఐలు కట్టేవాళ్ళెందరు?

2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చినప్పుడు దాంతోపాటు ఇచ్చిన పాత గేమ్‌క్యూబ్ ఆటల్లో మొదటి వరసలోనే విండ్ వేకర్ ఉంది. సగంలో వదిలేసిన ఆటని ఇరవై రెండేళ్ళ తర్వాత పదకొండేళ్ళ కూతురితో కలిసి ఎత్తుకున్నాను.

మొదట్లోనే ఆ బుడతడు దొంగల ఓడెక్కి ఊరు వదిలి వెళ్తాడు, ఒడ్డున నిలబడి నానమ్మ చెయ్యి ఊపుతూనే ఉంటుంది. చాలాసేపు ఆడాక మళ్ళీ ఇంటికెళితే ఆవిడ జబ్బుపడి కలవరిస్తూ ఉంటుంది. 2003లో నేను సంచారంలో పడి అటు వెళ్ళనే లేదు. ఈసారి పాప వెళ్ళింది. వెంటనే గుంటూరుకి ఫోన్ చెయ్యమంది. చేశాం.

చివరిది ఇంకా ఉంది. పాత రాజ్యం సముద్రం అడుగున మునిగిపోయి ఉంటుంది. గానన్‌డోర్ఫ్ దాన్ని పైకి తేవాలని చూస్తాడు. ఎందుకంటే వాడి దేశం ఎడారి, అక్కడ గాలి వీస్తే చావే, ఈ పచ్చటి దేశపు గాలి వాడికి కావాలి. నరుక్కోవడానికి పుట్టించిన రాక్షసుడు కాదు వాడు, ముసలివాడైపోయి పోయిన చోటు మీద ఆశ చావని మనిషి. ఆ రాజ్యపు రాజుకి వరం దొరుకుతుంది. ఆయన కోరుకునేదేంటంటే, నా రాజ్యాన్ని పూర్తిగా ముంచెయ్యి, ఈ పిల్లలకి వాళ్ళ సొంత రేపటినివ్వు అని. మాతో రమ్మని పిల్లలు అడుగుతారు. రాడు. రాజ్యంతోపాటే నీళ్ళలో ఉండిపోతాడు.

ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటూ, పాపకి తెలుగు అక్షరాలు దిద్దిస్తూ, కూచిపూడి క్లాసుకి గంటసేపు కారు నడుపుతూ, "మా ఊళ్ళో అయితేనా" అని రోజుకోసారైనా అనే మనిషిని నేను. కంట్రోలర్ పాప చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది.

"నాన్నా, హీ కుడ్ హావ్ కమ్ విత్ దెమ్. ఎందుకు రాలేదు?" అంది.

"ముసలాయన కదమ్మా" అన్నాను.

దానికి నచ్చలేదు. మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టింది. రెండోసారి ఆడితే ఆ బుడతడు వీరుడి ఆకుపచ్చ బట్టలేసుకోడు, రొయ్య బొమ్మ ఉన్న తన నీలం చొక్కాతోనే ఆఖరిదాకా తిరుగుతాడు. వచ్చే ఆదివారం ఆ స్నేహితుడు మళ్ళీ వస్తానన్నాడు.