ఎడతెగని కుళాయి నీరు: ఒక చరిత్ర

మన పట్టణాలలో కుళాయి నీరు దినానికి కొన్ని గంటలు మాత్రమే వచ్చుట సర్వసాధారణం. నీరు చాలదు గనుకనే గంటల లెక్కన వదలుతున్నారని చాలామంది తలుస్తారు. ఇది కొంతవరకే నిజం. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు పట్టణాలకు కూడ ఇదే చిక్కు వచ్చినది. అవి దానినుండి బయటపడిన విధం తెలిసికొనదగినది.

ఆ కాలాన లండనులో నీటి సరఫరా ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండేది. కంపెనీ మనిషి వచ్చి వీధి వాల్వు త్రిప్పితే కొంతసేపు నీరు వచ్చేది, పిమ్మట ఆగిపోయేది. కలిగినవారి ఇండ్లలో తొట్లు ఉండేవి. పేదలు వీధి కుళాయి వద్ద పీపాలు, బాల్చీలు నింపుకొని ఆ నిలవ నీరే త్రాగేవారు. 1848-49 కలరాలో ఆ నగరంలో 14 వేలమందికి పైగా మరణించినారు. అందుచేత మంచినీటి విషయమై పెద్ద ఆందోళన బయలుదేరినది.

అప్పటికే నాటింగ్‌హాం పట్టణంలో ఒక యువ ఇంజనీరు మార్గం చూపినాడు. అతని పేరు థామస్ హాక్‌స్లీ. 1831లో అతడు నిర్మించిన ట్రెంట్ నీటి కర్మాగారం రేయింబవళ్లు పీడనం తగ్గకుండా నీరు పంపినది. ఎల్లప్పుడు నీరు వదలితే అంతా వృథాగా పోవునని ఇతరులు వాదించినారు. గొట్టాలు, కుళాయిలు గట్టివైతే వృథా కాదని హాక్‌స్లీ జవాబు. సుమారు 8,000 ఇండ్ల సరఫరాను చూచుకొనుటకు అనుభవంగల ఒక పనివాడు, ఒక కుర్రవాడు చాలునని అతడు 1840ల నాటి విచారణ సంఘం ముందు సాక్ష్యమిచ్చినాడు.

ఎడతెగక వచ్చే నీటికి ఇంకొక గుణం కలదు. గొట్టం నిండుగా, పీడనంతో ఉన్నప్పుడు పగులు గుండా నీరు బయటికే పోతుంది. సరఫరా ఆపగానే గొట్టంలో పీడనం పడిపోతుంది. అప్పుడు అదే పగులు గుండా చుట్టుప్రక్కల మురుగు లోనికి చొరబడుతుంది. మరునాడు వాల్వు త్రిప్పగానే ఆ మురుగు మొదట ఇండ్లకే చేరుతుంది.

లండనులో 1852, 1871 సంవత్సరాల చట్టాలు నిరంతర సరఫరాకు దారి తీసినవి. కాని ఇంటి గొట్టాలను బాగుచేయు ఖర్చు ఎవరు భరించవలెనన్న తగాదాతో పని నత్తనడక నడిచినది. ఆ శతాబ్దం ముగియబోతున్నప్పుడే నగరం దాదాపు మొత్తానికి ఈ సదుపాయం కలిగినది.

అన్నిటికంటె ఆసక్తికరమైనది లివర్‌పూల్ కథ. అక్కడ నిరంతరం వచ్చే నీటిని 1865 అనావృష్టి కాలంలో గంటల పద్ధతికి మార్చినారు. వానలు పడినా పాతపద్ధతి వెంటనే తిరిగి రాలేదు. నగర ఇంజనీరు జార్జి డీకన్ కొత్త జలాశయం కొరకు ఎదురుచూడక, నీరు ఎక్కడ పోతున్నదో వెదకబూనినాడు. ఇందుకై 1873లో ఒక మీటరు కల్పించినాడు. క్రిందికి పోనుపోను వెడల్పయ్యే గొట్టంలో ఒక బిళ్ల సన్నని తీగకు వ్రేలాడుతూ ఉంటుంది. తీగ రెండవ కొనకు ఎదురుబరువు ఉంటుంది. ప్రవాహం హెచ్చితే బిళ్ల దిగుతుంది, తగ్గితే లేస్తుంది. తీగకు తగిలించిన పెన్సిలు, గడియారం త్రిప్పే డ్రమ్ముపైని కాగితం మీద ఈ హెచ్చుతగ్గులను గీస్తుంది.

నగరాన్ని పేటలుగా విభజించి, ఒక్కొక్క పేటకు ఈ మీటరు తగిలించినారు. నడిరేయి జనం నిద్రించే వేళ నీటి వాడుక దాదాపు ఉండదు. అప్పుడును ప్రవాహం కనిపించినదంటే అది కారిపోయే నీరే. తనిఖీదారు ఒక్కొక్క ఇంటి వాల్వునే మూస్తూ, వేళ వ్రాసికొనేవాడు. వాల్వు త్రిప్పే ఇనుప కడ్డీని చెవికి ఆనించి, వైద్యుడు గుండె చప్పుడు విన్నట్లు, నీరు కారే సవ్వడి వినేవాడు. ఉదయం ఆ వేళలను మీటరు గీతతో పోల్చితే ఏ ఇంట ఎంత కారుతున్నదీ తేలిపోయేది. ఇట్లు మరమ్మతులు చేసి, కొత్త జలాశయం లేకుండానే లివర్‌పూల్‌లో నిరంతర సరఫరాను పునరుద్ధరించినారు. ఊరు పెరిగిన పిమ్మట వేల్సులో వర్న్‌వీ జలాశయం కట్టవలసివచ్చినది నిజమే. దానికి ఇంజనీర్లు హాక్‌స్లీ, డీకన్‌లే.

పేటలవారీగా కొలిచి కారుటను అరికట్టే ఈ పద్ధతి నేటికిని వాడుకలో ఉన్నది. కంబోడియా రాజధాని నాంపెన్‌లో 1993 నాటికి 70 శాతానికి పైగా నీరు లెక్కకు రాకుండా పోయేది. గొట్టాలు మార్చి, మీటర్లు పెట్టి, దొంగ కనెక్షన్లు తీసివేయగా, 2010 నాటికి ఇది సుమారు 6 శాతానికి దిగి, నీరు 24 గంటలు రాసాగినది. మన పొరుగున కర్ణాటకలో హుబ్బళ్లి-ధారవాడలోని కొన్ని వార్డులకు 2008లో నిరంతర సరఫరా ఇచ్చినారు. తరువాత పరిశోధకులు కుళాయి నీటిని పరీక్షించగా, గంటల పద్ధతి గల వార్డులలో దాదాపు 32 శాతం నమూనాలలో మలసంబంధమైన ఇ.కోలై బాక్టీరియా కనిపించినది. నిరంతర సరఫరా గల వార్డులలో ఇది 1 శాతం కంటె తక్కువ. ఒడిశాలోని పూరీ నగరంలో 2021లో 24 గంటలు త్రాగదగిన నీరు కుళాయిలలోనే ఇవ్వసాగినారు.

కనుక నీటి కొరత గల పట్టణం కొత్త జలాశయానికి పూనుకొనుటకు ముందు తన గొట్టాలలో రాత్రివేళ ఎంత నీరు పారుతున్నదో కొలిచి చూచుకొనుట అవసరం.