ఇంటర్నెట్ లీజ్డ్ లైన్

ఒక సంస్థ తన కార్యాలయం కోసమే అద్దెకు తీసుకునే ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఇంటర్నెట్ లీజ్డ్ లైన్ అంటారు. వాడుకలో ఐఎల్ఎల్. సెకనుకు 100 మెగాబిట్ల (ఎంబీపీఎస్) వేగం తీసుకుంటే పగలైనా రాత్రైనా, డౌన్‌లోడ్‌కైనా అప్‌లోడ్‌కైనా 100 ఉండాలి. వీధిలో వాళ్లంతా సినిమా పెట్టుకున్నా తగ్గకూడదు. స్థిరమైన ఐపీ చిరునామాలు, లైను పోతే ఎన్ని గంటల్లో బాగు చేస్తారన్న రాతపూర్వక హామీ కూడా ఇందులో భాగం. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌తో పోలిస్తే అద్దె చాలా రెట్లు ఎక్కువ.

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది. కంపెనీల ప్రత్యేక లైన్లు అంతకంటే పాతవి. 1985లో బెంగళూరుకు వచ్చిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉపగ్రహ లింకు మీదే అమెరికాతో పని నడిపింది. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా ఎగుమతి కంపెనీలకు ఇలాంటి లింకులు ఇచ్చేది. 64 కేబీపీఎస్ అంటే ఆ రోజుల్లో గొప్పే. 1998 చివర్లో ప్రైవేటు సంస్థలకు ఇంటర్నెట్ సేవల లైసెన్సులు తెరిచాక కొనేవాడికి ఎంచుకునే వీలు వచ్చింది, దాంతోపాటు తికమకా వచ్చింది.

బ్రాడ్‌బ్యాండ్‌తో తేడా

ఇళ్లకు వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిది. ఒక పోగులో డౌన్‌లోడ్‌కు సుమారు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్‌కు అందులో సగం వెళ్తాయి. దాన్ని స్ప్లిట్టర్‌తో 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తారు. అందరూ ఒకేసారి వాడరన్న లెక్క మీద ఆ ధర గిట్టుబాటవుతుంది. లీజ్డ్ లైన్‌లో ఆ లెక్క ఉండదు, కొన్న వేగానికీ కేటాయించిన వేగానికీ నిష్పత్తి 1:1. అయితే జీపాన్ మీదే వేగాన్ని కేటాయించి, దానికి లీజ్డ్ లైన్ పేరు పెట్టి ఇవ్వడమూ ఉంది. కనుక ‘మా ఆఫీసుకు వచ్చే పోగు నేరుగా మీ నోడ్‌కు (మీ పరికరాలున్న చోటికి) వెళ్తుందా, మధ్యలో స్ప్లిట్టర్ ఉందా’ అని మొదటి సమావేశంలోనే అడగాలి.

తేడా ఎక్కువగా తెలిసేది అప్‌లోడ్‌లోనే. ఒక స్కానింగ్ సెంటర్ 500 మెగాబైట్ల సీటీ స్కాన్‌ను వేరే ఊళ్లోని రేడియాలజిస్టుకు పంపాలి. ఒక బైటుకు 8 బిట్లు కనుక అది 4,000 మెగాబిట్లు. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అయితే 6 నిమిషాల 40 సెకన్లు, 100 అయితే 40 సెకన్లు. బయట బల్ల మీద పేషెంటు తాలూకు వాళ్లు ఎదురుచూస్తుంటే ఈ తేడా చిన్నది కాదు. అదే ఒక ట్రావెల్ ఆఫీసుకైతే పెద్దగా పట్టదు.

ఎంత వేగం కావాలన్నదానికి మనుషుల లెక్క కన్నా పాత వాడకం లెక్క మేలు. ఫైర్‌వాల్‌లో నెలరోజుల గ్రాఫ్ తీసి, రద్దీ గంటల్లో గీత ఎంతదాకా వెళ్లిందో చూసి, దాని పైన కొంత ఎడం ఉంచుకుంటే చాలు. ఐపీ ఫోన్ కాల్‌కు ఒక్కో వైపు 100 కేబీపీఎస్ లోపే పడుతుంది. మింగేసేవి వీడియో మీటింగులు, క్లౌడ్ బ్యాకప్పులు.

హామీ పత్రం

ఎస్ఎల్ఏ అనే ఈ పత్రంలో అందరి కళ్లూ శాతం మీదే పడతాయి. 30 రోజుల నెలకు 720 గంటలు. 99 శాతం అంటే నెలకు 7 గంటల 12 నిమిషాలు లైను లేకపోయినా మాట తప్పినట్టు కాదు. 99.5కు 3 గంటల 36 నిమిషాలు, 99.9కు 43 నిమిషాలు. అసలు సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందే చెప్పి చేసే మరమ్మతులను లెక్కలోంచి తీసేస్తారు. గడియారం లైను పోయినప్పటి నుంచి కాక, మనం ఫిర్యాదు నంబరు తీసుకున్నప్పటి నుంచి తిరుగుతుంది. పరిహారం అద్దెలో కొంత తగ్గింపే. పోయిన వ్యాపారం ఎవరూ కట్టివ్వరు.

చివరి మైలు

నిజానికి ఎంచుకోవలసింది కంపెనీని కాదు, దారిని. ఆపరేటర్ నోడ్ నుంచి మన భవనం దాకా వచ్చే ముక్కను లాస్ట్ మైల్ అంటారు. వెన్నెముక నెట్‌వర్కుల్లో ఒక పక్క తెగితే ఇంకో పక్క నుంచి తిప్పే రింగులు ఉంటాయి, ఈ ముక్కకు చాలాచోట్ల ఉండవు.

ఆ ముక్క స్తంభాల మీదుగా వస్తే ఏమవుతుందో చూడండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్రలో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కోస్తూ పోయారు. కట్టలు కట్టలుగా ఫైబర్ రోడ్డు మీద పడింది, ఎన్నో ఇళ్లకూ ఆఫీసులకూ నెట్ పోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖలో కరెంటు, ఫోన్లు ఒక్కసారిగా మూగబోయాయి. స్తంభం మీద నుంచి వచ్చే లైను చవక, త్వరగా వస్తుంది. పోవడమూ అంతే త్వరగా. భూమిలో డక్ట్ వేసి తెచ్చిన దానికి గాలివాన భయం లేదు గాని జేసీబీ భయం ఉంది. తవ్వే ముందు కేబుల్ యజమానులకు కబురందించేందుకు కేంద్రం 2023 మార్చిలో ఒక యాప్ తెచ్చింది.

లైను తెగినప్పుడు సిబ్బంది ఓటీడీఆర్ అనే పెట్టెను పోగుకు తగిలిస్తారు. అది కాంతి పల్స్‌ను పంపి, తిరిగొచ్చిన మెరుపును బట్టి దూరం చెబుతుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక 32 మైక్రోసెకన్లకు తిరిగొస్తే తెగింది 3.2 కిలోమీటర్ల దగ్గర. అక్కడికి వెళ్తే సాధారణంగా కొత్తగా తవ్విన గుంత కనిపిస్తుంది. ఇక వెంట్రుకంత పోగులను స్ప్లైసింగ్ మెషిన్‌లో ఒక్కొక్కటే అతికించాలి.

అందుకే జాగ్రత్త పడేవాళ్లు రెండు కంపెనీల లైన్లు తీసుకుంటారు. చాలామంది మోసపోయేదీ ఇక్కడే. రెండు బిల్లులు, రెండు రౌటర్లు ఉంటాయి. వీధి మలుపులో చూస్తే రెండు కేబుళ్లూ ఒకే డక్ట్‌లో దూరుతుంటాయి. ఒక్క గుంతకు రెండూ పోతాయి. రెండు ఆపరేటర్ల దగ్గరా రూట్ మ్యాపు అడిగి, సర్వేకు వచ్చిన మనిషి వెంట సెల్లార్ నుంచి రోడ్డు దాకా నడిచి చూడటం కన్నా మంచి పరీక్ష లేదు. భూమి మీది దారి కుదరకపోతే డాబా మీద రేడియో లింకు రెండో దారి అవుతుంది, ఎదుటి టవరుకు చూపు అడ్డం లేకపోతే.

దూరపు దారిని కూడా అడగవచ్చు. 2008 జనవరి 30న ఈజిప్టు దగ్గర సముద్రపు కేబుళ్లు తెగినప్పుడు భారత్ బ్యాండ్‌విడ్త్‌లో సగం దాకా పోయింది. విదేశీ ఖాతాదారులున్న సంస్థ, ఆపరేటర్‌కు ముంబై వైపూ చెన్నై వైపూ రెండు దారులున్నాయా అని తేల్చుకోవాలి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. సర్వర్లు అక్కడే పెట్టుకున్న మన దేశపు సంస్థకు సముద్రం గొడవ చాలావరకు తగ్గుతుంది.

చిరునామాలు, ఒప్పందం

లైనుతో ఇచ్చే స్లాష్ 29 బ్లాకు అంటే 8 ఐపీ చిరునామాలు, వాడుకకు 6. సొంత మెయిల్ సర్వర్ ఉంటే రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ చిరునామా ఏ పేరుదో చెప్పే నమోదు) రాసివ్వమని అడగాలి, లేదంటే మెయిళ్లు స్పామ్‌లో పడతాయి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ నాటి ఆదేశాల ప్రకారం సంస్థలు 180 రోజుల లాగులు దాచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి; మన వ్యవస్థల వరకు ఆ భారం ఆపరేటర్‌ది కాదు, మనదే.

కొటేషన్‌లో ఓటీసీ అంటే ఒక్కసారి కట్టేది, ఏఆర్‌సీ అంటే ఏటా కట్టేది. పైన 18 శాతం జీఎస్టీ. లాకిన్ (మధ్యలో వదులుకోలేని గడువు) ఎన్నాళ్లు, ఆఫీసు మారితే ఏమవుతుంది అన్నవి సంతకానికి ముందే తేలాలి. పదిమంది ఉన్న ఆఫీసుకు లీజ్డ్ లైన్ చాలాసార్లు దండగే. వేర్వేరు దారుల్లో వచ్చే రెండు బ్రాడ్‌బ్యాండ్లు, ఒక 4జీ రౌటర్ ఉంటే పని జరిగిపోతుంది.

తీసుకున్నవాళ్లు మాత్రం లైను వచ్చిన రోజే అంగీకార పత్రం మీద సంతకం పెట్టకూడదు. బిల్లు ఆ తేదీ నుంచే మొదలవుతుంది. రౌటర్‌కు నేరుగా ఒక ల్యాప్‌టాప్ తగిలించి, 24 గంటలు పింగ్ నడిపి, ప్యాకెట్లు ఎన్ని రాలిపోయాయో, సాయంత్రం ఏడు గంటలప్పుడు అప్‌లోడ్ ఎంత వచ్చిందో కాగితం మీద రాసుకున్నాక సంతకం పెట్టవచ్చు.