రాముడి వీపు

గురజాడ 'దిద్దుబాటు' కథను చాలా ఏళ్లు పాఠంగా చెప్పాను. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన ఈ కథలో కమలిని తన తెలివితో భర్తను దారికి తెచ్చుకుంటుంది. నా పాఠం అక్కడితో ముగిసేది. అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావు, భార్య కనబడలేదన్న కోపంతో నౌకరు రాముడి వీపు మీద గుద్దుతాడు. మరుక్షణమే జాలిపడి లేవనెత్తుతాడు. భార్య విషయంలో జరిగింది దిద్దుబాటు. రాముడి విషయంలో జరిగింది పశ్చాత్తాపం మాత్రమే. ఈ రెండింటికీ ఉన్న తేడా, ఒక విద్యార్థిని అడిగేదాకా నాకు తోచలేదు.

తోచకపోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. నా పరిశోధన రోజుల్లో విజయనగరంలో మా ఇంట ఒక గుంట ఉండేది. మా వైపు ఆడపిల్లని గుంట అంటాం. పదేళ్లప్పుడు వచ్చింది, పెళ్లీడుకి వెళ్లిపోయింది. నేను స్త్రీల శ్రమ గురించి రాసుకుంటుంటే నా బిడ్డను జోకొట్టింది తనే. "మా ఇంటి పిల్లే" అనేవాళ్లం. తినేది మా అన్నమే, కానీ విడిగా ఉంచిన కంచంలో. పడుకునేది వంటగదిలో. జీతమంటే అన్నం, బట్ట, పెళ్లికి సాయం. ఈ మూడింటికీ ఎక్కడా రాత లేదు.

'ఇంటి మనిషి' అన్న మాటకు మా ప్రాంతంలో పాత చరిత్రే ఉంది. అగ్రవర్ణాల ఇళ్లలో విధవలైన ఆడపడుచులూ, పిన్నమ్మలూ వండి వార్చి, పిల్లల్ని పెంచి, పైసా అడగకుండా పోయారు. 'కన్యాశుల్కం'లో బుచ్చమ్మా మీనాక్షీ ఇద్దరూ పుట్టింట ఉన్న విధవలే. పొలం పనికి ఏడాది జీతం మీద కుదిరే కంబార్లు ఉండేవారు. వాళ్ల బతుకు ఘోరమే. కానీ వాళ్ల అప్పుకి లెక్క ఉండేది, ఆ లెక్క మీద తగవూ ఉండేది. 1964లో కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ రాసింది అటువంటి అప్పు గురించే. వంటింట్లో ఉన్న ఆడపిల్లకు ఆ లెక్క కూడా లేదు.

చట్టాలు కూడా చాలాకాలం ఈ తేడానే పాటించాయి. ఏజెన్సీలో అప్పుకింద చేసే గొత్తి చాకిరీని 1940లోనే మద్రాసు ప్రభుత్వం ఒక రెగ్యులేషన్‌తో రద్దు చేసింది. దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. కాగితం మీద అవి ఆడవాళ్లకీ వర్తిస్తాయి. కానీ వాటి చూపంతా అప్పు మీద. మా ఇంటి గుంట పేర అప్పు లేదు. ఆమెకు యజమాని లేడు, 'అమ్మగారు' ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోరాదన్న నిషేధం 2006 అక్టోబరు 10 దాకా అమల్లోకి రాలేదు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిని కూడా పనిచోటుగా గుర్తించింది. ఇంటిపనివారి కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒప్పందాన్ని మన దేశం ఇంకా ఆమోదించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, వీరికోసం చట్టం అవసరమేమో పరిశీలించే కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది.

ఇదంతా తెలిసిన నేను ఇప్పుడేం చేస్తున్నాను? అమ్మ మంచం పట్టాక, శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒకామె మాతోనే ఉంటోంది. నాకంటే పెద్ద. నేను అప్పా అంటాను, తను నన్ను అమ్మా అంటుంది. ఇద్దరికీ లాభం లేదని చెప్పలేను. ఆమెకు అద్దె లేదు, తిండి ఖర్చు లేదు. జీతం మొత్తం కూతురి చదువుకి పంపుతుంది. ఒంటరి ఆడదానికి పట్నంలో గది దొరకడం ఎంత కష్టమో ఆమే చెప్పింది. అమ్మకు రాత్రిళ్లు తోడు దొరికింది. నాకు రాసుకునే సమయం దొరికింది.

నష్టం ఆమె ఒక్కదానిదే. నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషి సాయంత్రానికి తన గుమ్మం చేరుకుంటుంది. ఒక ఇల్లు నచ్చకపోతే మానేస్తుంది. పక్కింటి పనిమనిషితో జీతం పోల్చి చూసుకుంటుంది. ఇంట్లోనే ఉండే మనిషికి గుమ్మం మాది, గడియారం మాది. పని మానేస్తే ఆ రాత్రికి నిలువనీడ ఉండదు. మా ప్రేమ ఆమెకు అబద్ధమని అనను. కానీ ఆ ప్రేమ పేరుతోనే పనిగంటలు లెక్కలోంచి జారిపోతాయి.

మొన్న ఒక కాగితం రాశాను: జీతం, వారానికో రోజు సెలవు, మధ్యాహ్నం మూడు గంటల విరామం, ఆమె గదికి లోపలి గడియ. "ఇంటి మనిషికి కాగితమేమిటే?" అని అమ్మ నొచ్చుకుంది. ఆమె మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

"రాత్రి మూడుసార్లు నెగుస్తానమ్మా, మీ అమ్మగారికి. అది పని కాదేటి?" అంది.

కాగితంలో అది లేదు. రాసింది నేనే. మళ్లీ రాస్తున్నాను.