బొమ్మకు పేరు పెట్టేదెవరు?



బొంబాయి పోయిన మనిషి లేని ఊరు మన సరిహద్దు జిల్లాల్లో అరుదు. అలా పోయినవాళ్ళకు గ్రాంట్ రోడ్ స్టేషన్, అక్కడికి దగ్గర్లోనే ఉన్న కామాఠిపుర కొత్తవి కావు. ఒకటో గల్లీ, రెండో గల్లీ అని అంకెలతో పిలిచే ఆ వీధుల్లో తెలుగు కూలీల చరిత్ర ఉంది. ఆ చరిత్రను ముందు పెట్టుకుని ఈ రోజు ఒక కొత్త సంగతి మాట్లాడుకుందాం. ఫొటోలో ఉన్నదేమిటో కంప్యూటర్ తనంతట తానే గుర్తుపట్టి, దానికి పేరు తగిలించే విద్య అది. కృత్రిమ మేధ, ఏఐ అని వింటున్నామే, అందులో ఒక భాగం.

ముందుగా ఆ పని ఏమిటో చూద్దాం. కంప్యూటర్‌కు పుట్టుకతో చూపు లేదు. బడిలో ఆవు బొమ్మ చూపించి 'ఆవు' అని పలికించినట్టే దానికీ నేర్పాలి. ఫొటోలో ఇది బస్సు, ఇది మనిషి, ఇది చెట్టు అని చుట్టూ గీత గీసి పేరు రాయాలి. అలాంటివి వేలు, లక్షలు చూపిస్తే గాని దానికి గుర్తు కుదరదు. అమెరికాలో ఫీ-ఫీ లీ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం 2009లో ఇమేజ్‌నెట్ అనే బొమ్మల భండారాన్ని బయటపెట్టారు. అది తర్వాత కోటీ 40 లక్షల బొమ్మలు దాటింది. ఆ బొమ్మలకు పేర్లు సరిచూసినవారు 167 దేశాలకు చెందిన దాదాపు 49 వేల మంది. 2016లో జర్మనీవారు సిటీస్కేప్స్ అనే వీధి ఫొటోల భండారం తయారుచేసినప్పుడు, ఒక్కొక్క ఫొటోలో అన్నిటికీ గీతలు గీసి పేర్లు పెట్టడానికి సగటున గంటన్నరకు పైగా పట్టింది.

ఇంత చాకిరీ ఎందుకు, దీన్ని కూడా యంత్రానికే అప్పగిద్దామనుకున్నారు. 2023 ఏప్రిల్‌లో మెటా కంపెనీ 'సెగ్మెంట్ ఎనీథింగ్' అనే సాధనాన్ని విడుదల చేసింది. మొదట మనుషులే యంత్రం సాయంతో గీతలు గీశారు. యంత్రం నేర్చుకున్న కొద్దీ ఒక్కో ఆకారానికి పట్టే సమయం 34 సెకన్ల నుంచి 14 సెకన్లకు దిగింది. చివరికి కోటీ 10 లక్షల ఫొటోల్లో 110 కోట్ల ఆకారాలు తేలాయి. వాటిలో నూటికి 99 మనిషి చెయ్యి పడకుండా యంత్రం గీసినవే.

అయితే ఆ యంత్రం అంచు గీస్తుంది గాని పేరు చెప్పదు. పేరు చెప్పే యంత్రాలు వేరే ఉన్నాయి. 2021లో ఓపెన్‌ఏఐ సంస్థ తెచ్చిన 'క్లిప్' ఇంటర్నెట్‌లో దొరికిన 40 కోట్ల బొమ్మలను, వాటితోపాటు ఉన్న మాటలను జతగా చూసి నేర్చుకుంది. కుండలో లేనిది గరిటెకు రాదు. బొమ్మ పక్కన లోకం ఏం రాసిందో యంత్రం దాన్నే తిరిగి చెబుతుంది.

ఇప్పుడు కామాఠిపురకు వద్దాం. 18వ శతాబ్దం చివరి భాగంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టి సముద్రపు నీటిని ఆపాక, బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలు ఆరాయి. 1795 ప్రాంతంలో, నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వచ్చిన తెలుగువాళ్ళు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళు ఒకే కులంవారు కారు. అయినా బొంబాయి అందరినీ కలిపి 'కామాఠీలు' అంది. పేటకూ అదే పేరు పడింది. అంటే ఆ చోటుకు మొదటి చీటీ తగిలించింది కూడా బయటివాళ్ళే.

తర్వాత ఫొటోల కాలం వచ్చింది. విలియం జాన్సన్ అనే ఆయన 1863లో, 1866లో బొంబాయి జనాల ఫొటోలతో రెండు సంపుటాలు వేశాడు. మనుషులను ఒకచోట ఫొటో తీసి, వేరే దృశ్యం మీద అతికించి, కింద జాతి పేరో కులం పేరో రాశాడు. 1868 నుంచి 1875 దాకా ప్రభుత్వం వారు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చు వేయించారు. అందులోనూ ఫొటో కింద జాతి పేరో కులం పేరో రాసే పద్ధతే. ఫొటోలో ఉన్న మనిషిని 'నువ్వెవరు' అని అడిగి రాసిన పేర్లు కావు అవి. దొరల దగ్గర ముందే ఒక జాబితా ఉంది. మనిషిని ఆ జాబితాలో ఏదో ఒక గడిలో కూర్చోబెట్టారు.

ఆ గడుల్లో పట్టని కామాఠిపుర ఒకటి ఉంది. జోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం స్థాపించాక, బొంబాయిలో ఆ ఉద్యమానికి అండగా నిలిచినవారిలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ, వెంకూ బాలాజీ కాళేవార్ వంటి తెలుగు పెద్దలున్నారు. కానీ కామాఠిపుర అనగానే ఈ పేర్లు ఎందరికి గుర్తొస్తాయి? బ్రిటిష్ కాలంలో అక్కడ పెరిగిన వేశ్యావాటికే లోకానికి గుర్తు. 2022లో ఒక హిందీ సినిమా విడుదలకు ముందు, అందులో కామాఠిపుర పేరు వద్దని బొంబాయి హైకోర్టుకు వెళ్ళినవారిలో అక్కడి నివాసి కూడా ఉన్నారు. కోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసింది. తాము ఉండే పేట పేరు సినిమాలో వినబడవద్దని ఒకరు కోర్టుకెక్కారంటే, ఆ చీటీ ఎంత బరువుగా ఉందో ఆలోచించండి.

రేపు ఆ గల్లీ ఫొటో ఒకటి యంత్రం ముందు పెడితే, మెట్ల మీద కూర్చున్న స్త్రీకి అది ఏం పేరు పెడుతుంది? ఇది ఊరికే పడే భయం కాదు. ఇమేజ్‌నెట్‌లోనే మనుషుల ఫొటోలకు తిట్ల వంటి పేర్లు తగిలి ఉన్నాయని 2019లో కేట్ క్రాఫర్డ్, ట్రెవర్ పాగ్లెన్ అనే ఇద్దరు లోకానికి చూపించారు. ఆ పేర్లను తాము కూడా పరిశీలిస్తూ వచ్చిన ఇమేజ్‌నెట్ బృందం, దాదాపు 6 లక్షల ఫొటోలను తొలగిస్తామని అదే ఏడాది ప్రకటించింది. చేత్తో పెట్టిన పేర్లలోనే ఇంత తప్పు దొర్లితే, మనిషి కన్ను పడకుండా కోట్ల సంఖ్యలో పెట్టేవాటి మాటేమిటి?

దీనికి విరుగుడు మన దగ్గరే కనబడుతుంది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీవారు హైదరాబాదు, బెంగళూరు నగరాల్లోనూ, వాటి పొలిమేరల్లోనూ 182 సార్లు కారులో తిరిగి వీధుల దృశ్యాలు తీశారు. వాటిలో పదివేల ఫొటోలకు 34 రకాల పేర్లు పెట్టి భండారం తయారుచేశారు. ఆ వివరాలు 2019లో పరిశోధన పత్రంగా వచ్చాయి. జర్మనీ జాబితాలో ఆటోరిక్షా అన్న పేరే లేదు. ఉండదు కూడా, ఆ వీధుల్లో ఆటో లేదు కాబట్టి. రోడ్డు పక్కన బండి దిగి నడవగల మట్టి నేలకు కూడా అక్కడ విడిగా పేరు లేదు. మనవాళ్ళు ఆ పేర్లు చేర్చాకే యంత్రానికి మన వీధి మన వీధిలా కనబడింది. వాళ్ళు యంత్రాన్ని కాదనలేదు. జాబితాను తామే రాశారు.

యంత్రం వేగం పెంచుతుంది. జాబితా మంచిదైతే మంచి వేగంగా జరుగుతుంది, చెడ్డదైతే చెడు వేగంగా జరుగుతుంది. కాబట్టి యంత్రం పెట్టిన పేరును, ఆ చోటు ఎరిగిన మనిషి ఒకసారి సరిచూడాలి.

కామాఠిపుర పాత చాళ్ళను పునర్నిర్మించే బాధ్యతను మహారాష్ట్ర ప్రభుత్వం మ్హాడా సంస్థకు అప్పగించింది. చాళ్ళు పోయాక మిగిలేవి ఫొటోలే. మీ ఇంట్లోనూ బొంబాయి నుంచి తాత పంపిన ఫొటో ఏదైనా ఉండవచ్చు. దాని వెనక ఆయన పేరు, ఊరు, ఏ గల్లీలో ఉన్నాడో, ఏ పని చేశాడో, ఏ సంవత్సరమో తెలుగులో రాసి పెట్టండి. మనం రాయకపోతే ఆ ఖాళీలో ఇంకెవరో రాస్తారు. ఇకమీదట ఆ రాసేది మనిషి కూడా కాకపోవచ్చు.