ఉత్తర చూసి గంప ఎత్తినవారు

మన ప్రాంతపు వానకు రాతలో దొరికే తొలి లెక్కల్లో ఒకటి రైతు చెప్పింది కాదు, సర్కారు గాదె కోసం వేసింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సీతాధ్యక్షుడు, అంటే రాజుగారి సేద్యం చూసే అధికారి, ఏ సీమలో ఎన్ని ద్రోణాల వాన కురుస్తుందో తెలుసుకుని విత్తనం వేయించాలి. ఆ పట్టికలో అశ్మకం పేరుంది. గోదావరి నడిమి తీరం, ఈనాటి బోధన్ వైపు నేల అది. దానికి పదమూడు ద్రోణాలకు కాస్త అటూ ఇటూగా కట్టారు. వాన కొలవడానికి కోష్ఠాగారం, అంటే గాదె, ముందు మూరెడు వెడల్పు పాత్ర ఒకటి పెట్టించమన్నారు.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహిత రాసేనాటికి లెక్కల పక్కన శకునాలూ చేరాయి. చీమలు గుడ్లు మోసుకుపోవడం, పాములు చెట్లెక్కడం, పిల్లి నేల గీరడం వాన గుర్తులన్నాడు. మన పల్లెల్లో ఇవాళ్టికీ ఇవే గుర్తులు. పండితుడి పుస్తకం నుంచి పల్లెకు దిగాయా, పల్లె నుంచి పుస్తకానికెక్కాయా అంటే నా ఓటు రెండోదానికే. చీమల బారును గంటల తరబడి చూసే తీరికా అవసరమూ గట్టు మీద కూర్చున్నవాడికే ఉంటాయి.

తెలుగు రైతు మాటలకు వెన్నెముక కార్తె. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే కార్తె, ఏడాదికి 27. పంచాంగం ఉగాదినాడే మేఘాధిపతి ఎవరో, ఎన్ని కుంచాల వానో ఒక్కసారిగా చెప్పేసి ఊరుకుంటుంది. సామెత అలా కాదు, కార్తె కార్తెకూ పొలం వంక చూసి మాట్లాడుతుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయి. రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో మొదలవుతాయి. నైరుతి రుతుపవనం తెలంగాణ గడప తొక్కేదీ ఇంచుమించు అప్పుడే.

ఇక్కడ ఒక చిక్కుంది, మన సామెతల పుస్తకాలు దాన్ని పట్టించుకోలేదు. నక్షత్రాల ఏడాది రుతువుల ఏడాది కంటే ఇరవై నిమిషాలు పెద్దది. అందువల్ల సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ప్రతి కార్తే ఆలస్యంగా వస్తుంది. లెక్క వేస్తే, వరాహమిహిరుడి నాటికి మృగశిర మే మూడో వారంలోనే వచ్చేది. రామప్ప గుడి కట్టిన 1213లో మే నెలాఖరుకు. అప్పుడు మృగశిరలో ముంగిలి చల్లబడిందని ఎవరైనా అంటే ఊరంతా నవ్వేది. అంటే ‘అనాదిగా వస్తున్న’ ఈ మాట ఇప్పుడున్న రూపంలో కొన్ని వందల ఏళ్ళదే. పాతది పనికిరాకపోతే ఎవరో దిద్దారు. వేదవాక్కులా వల్లించకుండా, తప్పితే మార్చుకున్నారు. ఈ సామెతల్లో నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఇదే.

‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న మాటను చాలామంది ప్రాస కోసం చెప్పుకుంటారు. సెప్టెంబరు నడుమ వచ్చే ఉత్తర కార్తె కూడా ఎండిపోతే ఇక మెట్ట సేద్యం మీద ఆశ లేదు, తట్టాబుట్టా సర్దుకుని ఊరు దాటమని దాని భావం. ఇది వాతావరణ సూచన కంటే వలస సూచన. పాలమూరు కూలీకీ అనంతపురం మెట్టరైతుకూ ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు. 1876లో వానలు తప్పి ధాత కరువు పట్టినప్పుడు కర్నూలు, కడప, బళ్ళారి సీమల్లో ఊళ్ళకు ఊళ్ళే కదిలాయి. అంతకుముందు గుంటూరు సీమను ఖాళీ చేసిన 1832–33 నాటి నందన కరువు సంగతీ అంతే. మంచి ఏళ్ళను మనవాళ్ళు పేరు పెట్టి గుర్తుంచుకోలేదు గాని, కరువుకు మాత్రం తెలుగు సంవత్సరం పేరు పెట్టి తరాలకు అప్పగించారు.

ఇదే కాలంలో నల్లరేగడి రైతు చూపు మరోలా ఉంటుంది. చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే వీసానికి పుట్టెడవుతానందట జొన్న! వానాకాలం పోయినా యాసంగి జొన్నకు అక్టోబరు తడి చాలు. ఆ నేల తడిని దాచుకుంటుంది, పైరు దాంతోనే ఈడ్చుకొస్తుంది. చల్క నేలవాడు ఉత్తరకే గంప ఎత్తితే, రేగడివాడు చిత్త కోసం గొర్రు సిద్ధం చేసుకుంటాడు. ఒకరి సామెత ఇంకొకరి పొలంలో పనికిరాదు.

కోస్తాకు వస్తే అవే కార్తెల ముఖం మారిపోతుంది. ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్న బందరు ఉప్పెన 1864 నవంబరు 1న, స్వాతిలో వచ్చింది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, విశాఖ ముగిసేవేళ. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ చిత్తలో. కోతకొచ్చిన వరి మీద విశాఖ కురిస్తే పంటకు విషమే అన్నది అందుకే. చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడిని కూడా ఊరికే తీసిపారేయలేం. దూరపు గుడి అయితే దగ్గరి వాన, దగ్గరి గుడి అయితే దూరపు వాన అంటారు. పెద్ద వలయం చాలా ఎత్తున పరచుకున్న మంచు స్ఫటికాల మబ్బుల వల్ల ఏర్పడుతుంది. తుఫానుకు ముందు తరచుగా అలాంటి మబ్బులే పాకుతాయి. చిన్న వలయం పలచని నీటితుంపరల మబ్బుది. అది వానకు గుర్తు కానక్కరలేదు.

1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టా రైతు చూపు మబ్బు మీంచి లాకుల మీదికి మళ్ళింది. 1864 కలకత్తా తుఫాను, ఆ వెనక వచ్చిన కరువులు చూసి ఆంగ్ల ప్రభుత్వం 1875లో వాతావరణ శాఖ పెట్టింది. హిమాలయాల మంచును బట్టి ఆ శాఖకు చెందిన బ్లాన్‌ఫోర్డ్ 1886లో రుతుపవనాల తొలి జోస్యం చెప్పాడు. ఇప్పుడు 2019లో వచ్చిన మేఘదూత్ యాప్ జిల్లా వారీగా తెలుగులోనే సలహా ఇస్తోంది. రేపటి వానకు నేనైతే దాన్నే నమ్మమంటాను. బంగాళాఖాతంలో వాయుగుండం ఎటు తిరుగుతుందో ఏ చీమా చెప్పలేదు.

మరి సామెత ఎవరి దగ్గరుంది? 1868లో మద్రాసులో కెప్టెన్ కార్ తన పెద్ద సంకలనం అచ్చువేశాడు. తరవాత నేదునూరి గంగాధరం వంటివారు సేద్యపు సామెతలను ప్రత్యేకంగా ఏరారు. ఆ శ్రమ లేకపోతే సగం మాటలు మనకు దక్కేవి కావు. కానీ మన సంకలనాల్లో సాధారణంగా సామెత ఉంటుంది, అర్థం ఉంటుంది. ఏ ఊళ్ళో, ఏ పనివాడు చెప్పాడన్నది ఉండదు. మబ్బు పడితే ఆవం ఆపే కుమ్మరి, మంద తోలుకుపోయే గొల్ల, పైరగాలినీ ఈదరగాలినీ ఒంటితో గుర్తుపట్టే జాలరి, వడియాలు ఎండబెట్టే ఇల్లాలు – వీళ్ళందరి ఎరుకా ‘రైతు సామెతలు’ అనే ఒక్క అట్ట కిందికి పోయింది. అది వట్టి కాగితం మీది లోపం కాదు. నేల పేరు పోతే ఉత్తర మాటకూ చిత్త మాటకూ పొంతన కుదరదు, ఒకటి అబద్ధమనిపిస్తుంది. నగరానికి మిగిలింది మరీ కొంచెం. హైదరాబాదులో మృగశిర అంటే చేప ప్రసాదం, ఆ రోజు మార్కెట్లో చేప ధర.

కాబట్టి మీ ఇంట్లోనో ఊళ్ళోనో పెద్దవాళ్ళ నోట వాన మాట వింటే రాసిపెట్టండి. దాని పక్కనే ఊరి పేరు, అది చల్కో రేగడో ఇసుకో, చెప్పినవారు ఏ పని చేసి బతికారో కూడా రాయండి. అర్థం ఎవరైనా తరవాత వెతుక్కోగలరు, ఈ మూడూ మాత్రం ఇప్పుడు అడిగితేనే దొరుకుతాయి.