కంటి మందు మొహానికెక్కిన కథ

బెజవాడ బీసెంట్ రోడ్డులో మొహానికి రాసుకునేవి బేరం చేస్తే ఇప్పుడు రెటినాల్ పేరు చెవిన పడకమానదు. ఒక సీసా వందల్లో, ఇంకొకటి వేలల్లో. రెండింట్లో ఉన్నదీ విటమిన్ ఎ నే. దాని పుట్టిల్లు మాత్రం కన్ను.

రేచీకటికి మేక కాలేయం తినిపించమని సుశ్రుత సంహిత చెప్పింది. కాలేయంలో ఏముందో తేలడానికి 20వ శతాబ్దం రావలసి వచ్చింది. వెన్నలో, గుడ్డు సొనలో ఎలుకల ఎదుగుదలకు కావలసిన పదార్థం ఒకటుందని 1913లో అమెరికాలో మెకాలమ్, మార్గరీట్ డేవిస్ కనిపెట్టారు. 1931లో పాల్ కారర్ దాని నిర్మాణం విప్పాడు. 1933లో జార్జ్ వాల్డ్ దాన్ని కంటి రెటీనాలో చూశాడు. రెటినాల్ పేరులో ఉన్నది ఆ రెటీనాయే. నూజివీడు రసాలకు రంగునిచ్చే బీటా కెరోటిన్ కూడా మన ఒంట్లో ఈ విటమిన్‌గానే మారుతుంది.

ఈ కథలో మనవాళ్ల పాత్రా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పల్లెల్లో చేసిన పరీక్షల ఆధారంగా 1970లో దేశమంతటా పసిపిల్లలకు విటమిన్ ఎ మందు పోయడం మొదలైంది. అంగన్‌వాడీలో చెంచాతో నోట్లో పోసే ఆ మందుకి పైసా అక్కర్లేదు.

ఈ విటమిన్‌ని మొహానికి ఎక్కించినవాడు ఫిలడెల్ఫియా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. విటమిన్ ఎ నుంచి వచ్చే ట్రెటినాయిన్ మొటిమలను తగ్గిస్తుందని 1969లో ప్రకటించాడు. 1971లో అది అమెరికాలో మందుగా అమ్మకానికి వచ్చింది. వాడినవాళ్ల మొహాల్లో ముడతలూ తగ్గడంతో 1986లో ఎండకు ముదిరిన చర్మం మీద ఇంకో పత్రం వెలువరించాడు. హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల ఒళ్ల మీద చేసిన ప్రయోగాల మచ్చ కూడా ఆయన పేరు మీదే ఉంది.

1975లో ట్రెటినాయిన్‌కి హైడ్రోక్వినోన్, స్టెరాయిడ్ కలిపి మంగుకి మందు చేసిందీ ఆయనే. ఆ కుటుంబం ట్యూబులే మన మందుల షాపుల్లో ‘తెల్లబడే క్రీము’లుగా చెలామణీ అయ్యాయి. అంటే రెటినాల్ మాట తెలియకముందే దాని అన్నగారు మన ఇళ్లలోకి వచ్చేశాడు. నెలల తరబడి రాస్తే అందులోని స్టెరాయిడ్ చర్మాన్ని పల్చబరుస్తుంది, ఎర్రబరుస్తుంది. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ మీదే అమ్మాలంది.

ఇక ధర సంగతి. విటమిన్ ఎ క్రీములది నాలుగు మెట్ల నిచ్చెన: రెటినైల్ పామిటేట్, రెటినాల్, రెటినాల్డిహైడ్, ట్రెటినాయిన్. కింది మెట్టు మీదిదాన్ని చర్మమే పైకి మార్చుకోవాలి. మారిన ప్రతిసారీ కొంత బలం పోతుంది. తమాషా ఏమిటంటే, అన్నిటికంటే ఘాటైన ట్రెటినాయిన్ పేటెంటు తీరిన పాత మందు, ఖరీదు తక్కువే. కాకపోతే డాక్టరు చీటీ కావాలి. వేలు పోసి కొనే సీసాలో ఎక్కువ బలం ఉంటుందనుకోవడం పొరపాటు. డబ్బు పెట్టదగ్గవి రెండే: సీసా మీద రాసిన శాతం, వెలుతురూ గాలీ చొరని ట్యూబు లేదా పంపు. నోరు వెడల్పాటి డబ్బా ఎంత ఖరీదైనా, మూత తీసినప్పుడల్లా సరుకు చెడుతుంది. మొహం క్రీముల్లో రెటినాల్ 0.3 శాతం దాటకూడదని యూరప్ 2024లో నియమం పెట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అంతకంటే తక్కువతోనే మొదలెట్టాలి.

వారానికి రెండు రాత్రులు, శనగగింజంత చాలు. ఆ రోజుల్లో నలుగుపిండితో రుద్దడం మానాలి. గుణం తెలియడానికి మూడు నెలలు పడుతుంది. గర్భిణులు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు రెటినాల్ జోలికే పోకూడదు. అన్నిటికీ మించి, ఇది రాసిన చర్మం ఎండకి త్వరగా కందుతుంది. బెజవాడ రోహిణీ కార్తె ఎండ తెలిసిందే కదా! ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతే సన్‌స్క్రీన్ కొనండి. రెటినాల్ వచ్చే నెల చూసుకోవచ్చు.