పరపతి

ఫ్రీలాన్స్ ఎడిటర్లు, వర్చువల్ అసిస్టెంట్లు ‘నెట్‌వర్కింగ్’ అనే పనికి తెలుగులో ‘పరపతి’ని మించిన మాట లేదు. ‘ఆయనకు ఊళ్లో పరపతి ఉంది’ అంటే పలుకుబడి. సహకార పరపతి సంఘంలో అదే మాటకు అర్థం అప్పు. 1904 నాటి సహకార చట్టం పేరులోని ‘క్రెడిట్’ను మనం పరపతి అనే అంటున్నాం. ఆ ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ క్రియకు అర్థం నమ్మడం. మన మాటలోని రెండు అర్థాలనూ ముడివేసేదీ నమ్మకమే.

పరపతి అంటే పైరవీ వాసన వస్తుందని కొందరి అభ్యంతరం. వాడుకలో ఆ ఛాయ ఉన్నమాట నిజమే. కానీ సంఘం అప్పిచ్చేముందు పాత బాకీలు తీర్చిన తీరు చూస్తుంది. ప్రకటన చూసి పేరు తెలుసుకున్న క్లయింటు కూడా, రాతప్రతినో ఈమెయిల్ పాస్‌వర్డునో అప్పగించేముందు, గడువుకు పని అందిందా అని పాత క్లయింటునే అడుగుతాడు.